ఇక్కడ పెళ్లి ఫోటోలు మాత్రమే తీయబడును

హాలియా
జనవరి 20, 2019

కల్వకుర్తిలో ఉన్న మనవరాలు మల్లికకు, హాలియాలో ఇంకా బతికే ఉన్న అవ్వ గోపమ్మ రాసేది.

అందరం బాగున్నాం అని ముందు రాయాలి కాబట్టి రాస్తున్నాను. నాకు మాత్రం బాగాలేదు. ఫోనులో నీ మాట ఇప్పుడు బొత్తిగా వినపడటం లేదు. గాలి ఊదినట్టు ఉంటుంది. అందుకే రాత్రి బడిలో నేర్చుకున్న నాలుగు అక్షరాలు మళ్లీ బయటికి తీశాను. తప్పులుంటే సర్దుకొని చదువు.

మొన్న నీ తమ్ముడు సురేశ్ నీతో మాట్లాడి, నా చెవి దగ్గరకు వచ్చి అరిచాడు. "అవ్వా, అక్క ఇగ ఒక్క పెండ్లి ఫోటోలే తీస్తదట. తక్కినయన్నీ బంద్ వెడ్తదట" అన్నాడు. ఆ పూటే కాగితం, పెన్ను తెప్పించుకున్నాను.

బిడ్డా, నీ మొగుడు సాయికిరణ్ లారీ కింద పడి చనిపోయి ఇంకా రెండేళ్లు నిండలేదు. ఆ స్టూడియో ఆయన పెట్టిందే, కెమెరా పట్టడం నీకు నేర్పింది ఆయనే. మొగుడు పోయినా స్టూడియో మూయను అన్నావు. సరే అన్నాను. ఒక్కదాన్నే కల్వకుర్తిలో ఉంటాను అన్నావు. దానికీ నోరు మూసుకున్నాను. కానీ ఇదేమిటి?

ఫోటోలు తీసేవాళ్లలో చాలా రకాలు ఉంటారని నువ్వే చెప్పావు కదా. పసిపిల్లలను తీసేవాళ్లు, దుకాణాల్లో చీరలు తీసేవాళ్లు, పాస్‌పోర్టు సైజు ఫోటోలు తీసేవాళ్లు. అందులో ఏదో ఒకటి పట్టుకో. అదీ కాదంటే కొంగలను తియ్యి. నందికొండ దగ్గర సాగర్ నీళ్ల మీద ఎన్ని కొంగలు! నీ మొగుడు ఉన్నాడా పోయాడా అని కొంగ అడగదు. ఎడ్లను తియ్యి, ఎడ్లు కూడా అడగవు.

పెళ్లిలో ఫోటోలు తీసేవాడు ఎక్కడ నిలబడతాడో నేను చూడలేదా? పిల్లకూ పిల్లగాడికీ సరిగ్గా ఎదురుగా నిలబడతాడు. కన్నతల్లి కూడా ఆయన వెనకే ఉంటుంది. భర్త పోయిన ఆడది ఆ జాగాలో నిలబడితే లోకం ఊరుకుంటుందా? నిండు పందిట్లో ఎవరైనా ఒక మాట అంటే నువ్వు ఏ మొహంతో బయటికి వస్తావు?

గ్యాసు బంద్ చేసి పడుకుంటున్నావా? షట్టర్‌కు ఒక్క తాళమే వేస్తున్నావట, మీ అమ్మ చెప్పింది. కెమెరా బ్యాటరీలు పేలుతాయట. దిండు కింద పెట్టుకోకు.

నిద్ర పట్టని,
అవ్వ


కల్వకుర్తి
జనవరి 29, 2019

అవ్వా,

గ్యాసు బంద్ చేశాను. షట్టర్‌కు రెండు తాళాలు వేస్తున్నాను. బ్యాటరీలు ఏ రోజూ దిండు కింద పెట్టుకోలేదు. ఇక కొంగల సంగతి.

నువ్వు చెప్పినవన్నీ చేసి చూశాను. చీరలు తీశాను. చీర బాగా వస్తే చీర బాగుందంటారు, ఫోటో సంగతి ఎవరికీ పట్టదు. పాస్‌పోర్టు ఫోటోలు తీశాను. ప్రతి మనిషీ పోలీసు ముందు కూర్చున్నట్టు కూర్చుంటాడు. పసిపిల్లలను తీయమన్నావు. మొన్న ఒక ఇంట్లో ఇరవై ఒకటో రోజు ఫోటోలకు పోయాను. పాపను సరిగ్గా పడుకోబెడదామని చేతులు చాపాను. ఆ పాప నాయనమ్మ నా సంగతి ఎవరి దగ్గరో విన్నది. "నువ్వు ముట్టుకోకమ్మా, ఆడికెల్లే తియ్యి" అని బిడ్డను లాక్కుంది.

అంటే ఇది పెళ్లితో ఆగే సంగతి కాదు. ఇవాళ పెళ్లి వదిలేస్తే రేపు పురుడు వదలమంటారు. ఎల్లుండి గృహప్రవేశం. ఆఖరుకు నాకు నిజంగానే కొంగలు మిగులుతాయి. నాకు కొంగలంటే ఇష్టం లేదు.

నాకు పెళ్లిళ్లంటే ఇష్టం. పిల్లకూ పిల్లగాడికీ నడుమ తెర పట్టుకుంటారు చూడు. తలల మీద జీలకర్ర బెల్లం పెట్టి, తెర దించుతారు. అప్పుడు ఇద్దరూ కళ్లెత్తుతారు. ఎన్నిసార్లు ఫోనులో చూసుకున్నా, ఎన్ని సినిమాలకు కలిసి తిరిగినా, ఆ క్షణంలో కొత్తగా చూస్తారు. రెప్పపాటు ఉంటుంది అంతే. దాన్ని పట్టుకోవాలంటే ఎదురుగానే ఉండాలి. సాయికిరణ్ కూడా ఆ ఒక్క ఫోటోకు మాత్రం కెమెరా నా చేతికి ఇచ్చేవాడు. "నీ కన్ను ఆగుతది, నాది ఆగదు" అనేవాడు. ఆయన పోయాడని నా కన్ను పోయిందా?

నీకొక సంతోషం మాట. మార్చిలో హాలియాలోనే ఒక పెళ్లి ఒప్పుకున్నాను. పిల్ల పేరు మనీష. వాళ్లమ్మ కరుణక్క, మన కాలువ కట్ట అవతల కొత్త డాబా వాళ్లది. కరుణక్కతో అన్ని మాటలూ అయిపోయాయి. మంచి మనిషి. పెళ్లికి రెండు రోజుల ముందే వచ్చి నీ దగ్గరే పడుకుంటాను. చింతపండు వేయకుండా టమాటా పప్పు చేసి పెట్టు.

మల్లిక


హాలియా
ఫిబ్రవరి 10, 2019

మల్లికకు అవ్వ రాసేది. కోపం తెచ్చుకోకుండా నిదానంగా చదువు.

నీ జాబు చదివించుకోలేదు, నేనే చదివాను. హాలియా పెళ్లి అనే మాటను మూడుసార్లు చదివాను. కల్వకుర్తిలో అయితే నువ్వెవరో సగం మందికి తెలియదు. హాలియాలో నీ పుట్టుక నుంచి తెలుసు. పందిట్లో ఒక్కరు లేచి "ఈమె మొగుడు పోయిన మనిషి కాదా" అంటే చాలు. నువ్వు కెమెరా పట్టుకొని అందరి నడుమ నిలబడి ఉంటావు. ఆ బొమ్మ నా కళ్ల ముందు నుంచి పోలేదు.

అందుకని ఒక పని చేశాను. నిన్న పొద్దున మంచి చీర కట్టుకొని కరుణ ఇంటికి పోయాను. నువ్వన్నట్టు మంచి మనిషే. కుర్చీ వేసింది, చాయ ఇచ్చింది. ఆమెను పక్కకు పిలిచి, ఒక్క ఆమెకే వినపడేటట్టు చెవిలో చెప్పాను. "బిడ్డా, ఫోటోలు తీసే మల్లిక నా మనవరాలే. దాని మొగుడు పోయిండు. రేపు పందిట్ల ఎవరన్న ఏమన్న అంటే అది తట్టుకోదు. ఏదన్న సాకు జెప్పి ఇప్పుడే వద్దను. నేను జెప్పిన్నని మాత్రం అనకు" అన్నాను.

ఆమె మొహం తెల్లబడింది. పాపం, ఊరికి కొత్త, తనకు తెలియదు కదా. నా చెయ్యి పట్టుకొని ఏదో అన్నది, నాకు వినపడలేదు. అరుగు మీద నలుగురు మగవాళ్లు చాయ తాగుతున్నారు. వాళ్లు ఎందుకో అందరూ ఒక్కసారే మావైపు తిరిగారు. నన్ను ఎక్కడో చూసినట్టు అనిపించిందేమో. దండం పెట్టి వచ్చాను.

ఇదంతా నీకు ఎందుకు రాస్తున్నానంటే, ఆమె వద్దన్నప్పుడు నీ పని బాగాలేదని అనుకొని బాధపడతావు. నీ పని మంచిదే. కారణం ఇది. నువ్వు వస్తానన్న రెండు రోజులూ మాత్రం రా. పప్పు చేస్తాను.

మల్లెపూల కుండీకి నీళ్లు పోస్తున్నావా? లేకపోతే ఎండిపోతుంది.

నీ మేలు కోరే,
అవ్వ


కల్వకుర్తి
ఫిబ్రవరి 18, 2019

అవ్వా,

నువ్వు చెవిలో చెప్పిన మాట కాలువ కట్ట దాకా వినపడిందట. నీకు వినపడదు కాబట్టి నువ్వు మెల్లగా అనుకున్నది మాకు కేక. అరుగు మీద చాయ తాగుతున్నది ఎవరో తెలుసా? పిల్లగాడి మేనమామ, వాళ్ల చిన్నాయనలు. లగ్నపత్రిక మాట్లాడటానికి వచ్చినవాళ్లు.

కరుణక్కకు నా సంగతి మొదటి రోజే తెలుసు. నేనే చెప్పాను. ఆర్డర్ ఒప్పుకునే ముందు ప్రతి ఇంట్లో చెబుతాను. అన్ని మాటలూ అయిపోయాయి అని రాసింది దాని గురించే. ఆమె, మనీష ఇద్దరూ విని, "మీరే తీయాలె" అన్నారు. పిల్లగాడి వాళ్లకు పెళ్లయ్యాక చెప్పుకుందాం అనుకున్నారు. ఇప్పుడు ఆ మేనమామ లేచి, "గామె కెమెరా వట్టుకొని ఎదురొస్తే మా పిల్లగాడు పీటల మీదికెళ్లి లేస్తడు" అన్నాడట. కరుణక్క ఫోనులో ఏడ్చింది. మనీష ఏడ్చింది. ఆర్డర్ పోయింది.

నన్ను పందిట్లో ఎవరో ఒక మాట అంటారని నీ భయం. ఆ మాట ఎవరూ అనలేదు. నువ్వే అన్నావు.

సరే. ఇక దాచేదీ లేదు, ఒక్కో ఇంట్లో మెల్లగా చెప్పుకునేదీ లేదు. నిన్న బోర్డు రాసేవాణ్ణి పిలిపించాను. పాత బోర్డు తీసేసి కొత్తది పెట్టించాను. శ్రీశైలం రోడ్డు మీద పోయే బస్సులోంచి కూడా కనపడుతుంది. దాని మీద ఇట్లా ఉంది:

ఇక్కడ పెళ్లి ఫోటోలు మాత్రమే తీయబడును. తీసేది మల్లిక. భర్త చనిపోయిన మనిషి. ఎదురుగా నిలబడే తీస్తుంది. ఇష్టమైనవాళ్లే లోపలికి రండి.

రాసేవాడు మూడో మాట దగ్గర బ్రష్ ఆపి నా మొహం చూశాడు. "అక్కా, గిది గూడ రాయాల్నా?" అన్నాడు. "అదే పెద్దగ రాయి" అన్నాను.

మల్లిక


హాలియా
మార్చి 1, 2019

మల్లికకు.

నా చెవులు పోయాయని నాకు తెలుసు. నా గొంతు పెరిగిందని మాత్రం ఇన్నాళ్లూ నాకు ఎవరూ చెప్పలేదు. నీ జాబు చూసి సురేశ్‌ను అడిగితే, "నువ్వు దేవుణి కాడ మొక్కుకున్నా పక్కింటోళ్లకు ఇనవడుతది అవ్వా" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

కరుణ ఇంటికి మళ్లీ పోయి చేతులు పట్టుకుందామనుకున్నాను. మీ అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. "నువ్వు పోయినకాడికి సాలు అత్తమ్మా" అన్నది. అదీ నిజమే.

తప్పు నాది. కానీ ఎందుకు భయపడ్డానో విను. నా చిన్నప్పుడు మా ఊళ్లో బక్కయ్య అనే ఆయన పెళ్లి. పిల్లగాడు బండెక్కి బయలుదేరాడు. వాళ్ల మేనత్త, భర్త పోయిన మనిషి, బావి నుంచి కడవతో వస్తూ ఎదురైంది. వాళ్లింటి నీళ్లే మోస్తోంది, వాళ్లింటి పెళ్లికే. పిల్లగాణ్ణి బండి దింపి, ఇంట్లోకి తీసుకుపోయి, కాళ్లు కడిగి, మళ్లీ బయటికి తెచ్చారు. ఆమె కడవ నెత్తి మీద పెట్టుకొని గోడకు మొహం తిప్పి నిలబడింది, బండి దాటిపోయేదాకా. నాకప్పుడు పదేళ్లు కూడా లేవు. ఆ వీపు నాకు ఇప్పటికీ గుర్తుంది. నా పిల్ల అట్లా నిలబడొద్దని పోయాను. అంతే.

ఇప్పుడు ఆ బోర్డు. ఎవరూ అనకముందే నువ్వే గోడ మీద రాసుకున్నావు. ఎవరొస్తారు బిడ్డా? తాగినవాళ్లు రాళ్లు వేస్తే? మైల అని నీళ్లు చల్లి పోతే? ఆ మూడో మాట ఒక్కటి తుడిపించు. తక్కినవి ఉండనీ.

ఇక్కడ కాలువకు నీళ్లు వదిలారు. మీ బాపు రాత్రింబగళ్లు మడి దగ్గరే ఉంటున్నాడు. పాముల భయం. నీ బోర్డు సంగతి ఆయనకు చెప్పలేదు. తెలిస్తే కల్వకుర్తికి వచ్చి పీకేస్తాడు.

కోపం తగ్గితే రాయి. తగ్గకపోయినా రాయి.

అవ్వ


కల్వకుర్తి
ఏప్రిల్ 14, 2019

అవ్వా,

మూడో మాట తుడిపించలేదు.

నవ్వినవాళ్లున్నారు. బోర్డును ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టినవాళ్లున్నారు. పొద్దున్నే షట్టర్ ఎత్తితే అవతలి పక్కకు దాటి నడిచేవాళ్లున్నారు. రాళ్లు ఎవరూ వేయలేదు. మార్చి నెల అంతా ఒక్క మనిషీ లోపలికి రాలేదు. పాస్‌పోర్టు ఫోటోకు వచ్చిన ముసలాయనను కూడా, బోర్డు చూపించి తిప్పి పంపాను. "గింత పొగరైతే ఎట్లనమ్మా" అన్నాడు. అట్లనే, అన్నాను.

తర్వాత ఒకమ్మాయి వచ్చింది. సుమన అని, దవాఖానలో నర్సు. ఆ వాట్సాప్ ఫోటో చూసి బస్సెక్కి వచ్చిందట. తండ్రి లేడు. తల్లి నర్సింగమ్మ చేపలు అమ్మి చదివించింది. వాళ్లది నందికొండ. సుమన కూర్చోకుండానే అడిగింది: "అక్కా, నా పెండ్లిల మా అమ్మను అందరు ఎనుకకు నూకుతరు. ఆమె ప్రతి ఫోటోల ఉండాలె. నీతోని అయితదా?"

పెళ్లికి పోయాను. నర్సింగమ్మ ఎంతసేపూ స్తంభం వెనకే. నేను కెమెరా తిప్పితే ఆమె తిరుగుతుంది. ఆఖరుకు పోయి చెయ్యి పట్టుకొని గుంజాను. "బిడ్డా, వద్దు, మంచిగుండది" అన్నది. "నేనూ నీలెక్కనే పెద్దమ్మా. ఎదురుంగ నేనే నిలబడుతున్న, పక్కన నిలబడేటందుకు నీకేం భయం?" అన్నాను. ఆమె నన్ను పైనుంచి కింద దాకా చూసింది. వచ్చింది.

తెర పట్టుకున్నారు. ఒక పెద్దాయన వెనక నుంచి, "ఓ ఫోటోల పిల్లా, జర పక్కకు జరుగు" అన్నాడు. "పక్కకు జరిగితే ఫోటో గూడ పక్కకే వస్తది పెద్దయ్యా" అన్నాను. పందిరంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. తెర దిగింది. సుమన కళ్లెత్తి ముందు పిల్లగాణ్ణి కాదు, పక్కనున్న వాళ్లమ్మను చూసింది. ఆ ఫోటో నాకు దొరికింది.

ఆ పెళ్లికి వచ్చినవాళ్లలోనే ఇద్దరు ఆర్డర్ ఇచ్చారు. ఒకరికి తల్లి అట్లాంటిది, ఒకరికి అక్క. ప్రతి ఇంట్లో ఒక నర్సింగమ్మ ఉంది అవ్వా. స్తంభం వెనక ఉంటుంది కాబట్టి కనపడదు.

నీ మీద కోపం కొంచెం ఉంది. పప్పు మీద లేదు.

మల్లిక


హాలియా
జూన్ 23, 2019

మల్లికకు అవ్వ, మీ బాపు యాదయ్య ఇద్దరి తరఫున రాసేది.

సురేశ్‌కు సంబంధం కుదిరింది. పిల్ల పేరు స్నిగ్ధ, నల్గొండ. చదువుకున్న పిల్ల. ముహూర్తం శ్రావణంలో పెట్టారు. వాన పడితే పందిరి ఏమవుతుందోనని నాకు ఇప్పటి నుంచే ఫికర్. ఫంక్షన్ హాలు అని సురేశ్ అంటున్నాడు. దాని కప్పు గట్టిదేనా, ఎవరైనా చూశారా?

మీ బాపు పక్కనే కూర్చొని ఇది రాయమన్నాడు. ఫోటోలకు నల్గొండలో ఒకాయనను మాట్లాడాడు. నువ్వు పని పెట్టుకోవద్దు, నీకు శ్రమ ఎందుకు. పెళ్లి రోజు తలంబ్రాలు అయ్యాక నిదానంగా వచ్చి, భోజనం చేసి, తమ్ముణ్ణి మరదలిని చూసి పొమ్మన్నాడు. ఆడబిడ్డ చేయాల్సినవన్నీ మీ చిన్నాయన కూతురు చేస్తుంది. పెళ్లి కార్డు పోస్టులో పంపుతాం.

నాకూ అదే మంచిదనిపించింది. స్నిగ్ధ వాళ్లు పెద్ద కుటుంబం, ఎవరెట్లాంటివాళ్లో తెలియదు. నువ్వు హాయిగా కూర్చుంటావు కదా అని.

ఎండలో తిరగకు.
అవ్వ


కల్వకుర్తి
జూన్ 30, 2019

అవ్వా,

తమ్ముడికి నా దీవెన చెప్పు. పెళ్లికి రాను.

ముక్కూ మొహం తెలియని వాళ్ల పెళ్లిళ్లలో ఎదురుగా నిలబడుతున్నాను. నా తమ్ముడి పెళ్లికి మాత్రం తలంబ్రాలు అయ్యాక, భోజనాల వేళకు రావాలి. నాకు ఆకలి వేస్తే కల్వకుర్తిలో హోటళ్లు చాలా ఉన్నాయి.

ఒక్కటే అడుగుతాను. కరుణక్క ఇంటికి భయపడి పోయావు. నన్ను ఎవరో ఏదో అంటారని. సరే. మన ఇంట్లో ఎవరికి భయపడ్డావు?

మల్లిక


హాలియా
జూలై 11, 2019

మల్లికకు, గోపమ్మ రాసేది. ఈ జాబు ఎవరూ పక్కన కూర్చొని రాయించడం లేదు.

నువ్వు అడిగింది చదివి రెండు పూటలు అన్నం మానేశాను. మీ అమ్మ జ్వరమేమో అని నుదురు పట్టి చూసింది. జ్వరం లేదు. మన ఇంట్లో నేను ఎవరికి భయపడ్డాను? మీ బాపుకా? వాణ్ణి కన్నది నేను. నా అత్త లేదు, మామ లేడు, మొగుడు లేడు. ఈ ఇంట్లో అందరికంటే పెద్దదాన్ని నేనే. ఎంత వెతికినా భయపడటానికి నాకు మనిషి దొరకలేదు. అలవాటుకు భయపడ్డాను బిడ్డా.

అందరూ అన్నాలకు కూర్చున్నప్పుడు బీరువాలోంచి మీ బాపు పెళ్లి ఆల్బం తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టాను.

"యాదిగా, గిందుల నేను యాడున్ననో సూపియ్యి" అన్నాను.

ఎడమ చేత్తో తిప్పాడు. ముందుకు తిప్పాడు, వెనక్కు తిప్పాడు. "యాడనో ఒకకాడ ఉంటవ్ తియ్యమ్మా" అని అరిచాడు. ఇంట్లో నాతో అందరూ అట్లాగే మాట్లాడతారు.

"యాడ లేను. మీ నాయిన లేడని పీటల మీద నా జాగల మీ చిన్నాయన, చిన్నమ్మ కూసున్నరు. నేను వంటోళ్ల కాడ గారెల గంప కాపలా ఉన్న. నీకు పుస్తె కట్టుడు వచ్చిందో రాలేదో గూడ నాకు తెల్వదు. బ్యాండు ఇనవడితే అయిందనుకున్న."

"గప్పటి రోజులు ఏరమ్మా."

"మరి గిప్పటి రోజులల్ల నీ బిడ్డను యాడ నిలవెడుతున్నవ్? నాకు గంప ఇచ్చినవ్, దానికి ఇస్తరాకు ఇస్తున్నవ్. గంతే గదా తేడా?"

నేను ఎంత గట్టిగా అన్నానో నాకు తెలియదు. కాలువ కట్ట దాకా పోయిందో లేదో. పోతే పోనీ. మీ అమ్మ పప్పు గిన్నె చప్పుడయ్యేటట్టు కింద పెట్టింది. "అత్తమ్మ అన్నది నా మాట గూడ. పెండ్లయిన కాడికెల్లి ఆ ఆల్బంల అత్తమ్మ లేదని నేను సూస్తనే ఉన్న" అన్నది. ఇన్నేళ్లలో ఆమె మొగుడి ముందు అంత మాట అనడం నేను చూడలేదు. సురేశ్ తల వంచుకొనే గొంతు పెంచి, "నల్గొండాయనకు నేనే ఫోన్ జేసి వద్దంట బాపూ. అక్క తీస్తదంటే నాకెందుకు ఆయన?" అన్నాడు. ముందే ఈ మాట అనాల్సింది కదరా అని వీపు మీద ఒకటి వేశాను.

మీ బాపు ఊరుకుంటాడా? చెయ్యి కడుక్కొని వచ్చి, నా ముందు కూర్చొని, నాకు వినపడేటట్టు అరిచాడు. "పిల్ల తరపోళ్లు ఊకుంటరానే? నలుగురు నాలుగు మాటలంటరు!"

"అననియ్యి. గా మాటలు నాకు జెప్పుమను. నాకెట్లాగు ఇనవడయి" అన్నాను.

సురేశ్ పకపకా నవ్వాడు. మీ బాపు నవ్వలేదు. లేచి అరుగు మీదికి పోయాడు. మర్నాడు మడికి పోలేదు. తెల్ల అంగీ వేసుకొని నల్గొండ పోయి, స్నిగ్ధ వాళ్ల నాయనకు తన నోటితోనే చెప్పి వచ్చాడు, మా బిడ్డే ఫోటోలు తీస్తుంది, ఎదురుగానే నిలబడుతుంది, ఆడబిడ్డ చేసేవన్నీ ఆమే చేస్తుంది అని. వాళ్లేమన్నారో సరిగ్గా చెప్పడం లేదు. ఆలోచించుకొని చెబుతాం అన్నారట. స్నిగ్ధ మాత్రం గుమ్మం దాకా వచ్చి సాగనంపిందట. కాదంటారేమో. సంబంధం తప్పిపోతుందేమో. అది తలుచుకుంటే భయమే, అబద్ధం ఎందుకు. అయినా అన్న మాట వెనక్కి తీసుకోను. మీ బాపును కూడా తీసుకోనివ్వను.

ఇక ఆర్డర్ సంగతి. ఇది ఆర్డర్ అనుకో. పెళ్లికొడుకు నాయనమ్మ ఇస్తున్నది. తెర దిగేటప్పటి ఫోటోలో నేను పీటల పక్కన ఉండాలి. స్తంభం చాటున కనపడితే, ఆ నర్సింగమ్మను గుంజినట్టు గుంజు. నేను కొంచెం ఎక్కువ బరువు ఉంటాను, చూసుకో.

కార్డు పోస్టులో పంపుతాం అన్నది కొట్టేశాను. ఇంటి ఆడపిల్లను పోస్టులో పిలుస్తారా? ఇంటికి వచ్చి, బొట్టు పెట్టి, చేతికి కార్డు ఇచ్చి పిలవాలి. నేను పోయి పిలుస్తానని మీ అమ్మ అన్నది. నేనే పోతానన్నాను. మొగుడు పోయినవాళ్లకు బొట్టు పెట్టి పిలవరట. మొగుడు పోయినవాళ్లు పిలవడానికి పోరట. ఆ రెండు అలవాట్లూ ఒక్క గడప మీదనే తెగిపోతాయి.

ఆదివారం పొద్దున బయలుదేరుతున్నాను. దేవరకొండలో బస్సు మారాలి. ఏ బస్సో కండక్టర్ చెప్పినా నాకు వినపడదు, వేరే ఊరు పోతానేమోనని భయంగానే ఉంది. కాగితం మీద కల్వకుర్తి అని రాసుకొని చేతిలో పట్టుకుంటాను.

నేను వచ్చేసరికి లోపలి గదిలో కూర్చోకు. కుర్చీ రోడ్డు వైపు వేసుకో, నీ బోర్డు కింద. ఆ షట్టర్ సగం కాదు, పూర్తిగా ఎత్తి పెట్టు. బొట్టు పెట్టేటప్పుడు బస్సుల్లో పోయేవాళ్లు కూడా చూడాలి.

వస్తున్న,
గోపమ్మ
పెళ్లికొడుకు నాయనమ్మ